మట్టి పళ్ళేనికి నా సాక్ష్యం

ఆ పళ్ళెంలో ఒకడు ఒక ఆడదాని జుట్టు పట్టుకుని ఉంటాడు. వాడి కుడిచేతిలో కత్తి. ఆమె ఒక కాలు ముందుకు వేసి పారిపోబోతోంది గానీ మెడ వెనక్కి విరిగిపోయి ఉంది. చేయి వాడి గడ్డం దాకా చాచింది. బతిమాలుతోందో, గీరబోతోందో తెలియదు. మూడేళ్ళు రోజూ పొద్దున్నే మెత్తటి బట్టతో ఆ ఇద్దరి మీద దుమ్ము తుడిచాను. మూడేళ్ళలో వాడు ఆ జుట్టు వదల్లేదు.

నేను కుమ్మరోళ్ళ పిల్లని. మాది గుంటూరు జిల్లాలో పల్నాడు పక్క. నాన్న సారె తిప్పేవాడు. అమ్మ దివాణంలో, అంటే మా ఊరి జమీందారు ఇంట్లో, వాకిళ్ళు ఊడ్చేది. నేను అమ్మ వెనకాలే వెళ్ళి అంట్లు తోమేదాన్ని. ఆ కుటుంబం హైదరాబాదు మారితే నన్నూ మార్చారు. పెద్దదొర పోయాక కొడుకు ఇంట్లో వండాను. కొడుకు పోయాక మనవడికి నేను కావాల్సొచ్చాను. ఆ మనవడు వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్ళో, సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవాడు.

"మా ఆవిడకి వంట రాదు. రెండేళ్ళు వచ్చి ఉండు," అన్నాడు.

అప్పటికే అరవై దాటినదాన్ని. మొగుడు ఎప్పుడో తాగి చచ్చాడు. పిల్లల్లేరు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడం నాకూ అలవాటే, నన్ను పంపడం వాళ్ళకీ అలవాటే. సరే అన్నాను.

బయల్దేరే ముందు హైదరాబాదులో కోర్టు ఎదురుగా ఉన్న ఒక జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళాడు. వీసా కాగితాలన్నాడు. గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని, అతనే ఇంకులో అద్ది, అతనే కాగితాల మీద దొర్లించాడు. అన్నీ తెల్ల కాగితాలు. ఒక్కటి మాత్రం పైన ముద్ర, కింద ఏదో రాత ఉన్న స్టాంపు కాగితం.

"ఇదేంది బాబూ?" అన్నాను.

"నీ పేరు, మీ నాన్న పేరు, మీ ఊరు. అంతే."

వేయించుకున్నాను. వేలు చెంగుకి తుడుచుకున్నాను. మాలాంటివాళ్ళం వేలు వేసేటప్పుడు, ఇందులో ఏం రాశారు, చదవండి అని అడగం. అడిగితే ఎదుటివాణ్ణి దొంగా అన్నట్టు. అన్నం పెట్టేవాణ్ణి ఆ మాట ఎలా అంటాం? అదీ నేను చేసిన తప్పు. ఆ తర్వాత జరిగిందంతా ఆ వేలి కిందనుంచి వచ్చిందే.

నేను షాంటిలీ వచ్చిన నాలుగో నెలలో పళ్ళెం వచ్చింది. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె, దానిలో దూది, దూదిలో పళ్ళెం. జానెడు కంటే కాస్త పెద్దది. హాల్లో గోడకి గాజు తలుపుల అర చేయించి అందులో నిలబెట్టాడు. గ్రీకుల పళ్ళెమట, ఏసుక్రీస్తు కంటే ముందుదట. నేను దాన్ని చూసి, ఇంటాయన వెనకాల నిలబడి ఉన్నాడనే సంగతి కూడా మర్చిపోయాను. అందులో మనుషుల్ని రంగుతో వేయలేదు. మనుషుల చుట్టూ నలుపు పూసి, మనుషుల్ని మట్టి రంగులోనే వదిలేశారు. కండ మీద గీతలు వెంట్రుకంత సన్నం. ఆవంలో పొగ పట్టించి కుండల్ని నల్లగా కాల్చడం మా నాన్నకీ వచ్చు. కానీ ఒకే పళ్ళెంలో కొంత నల్లగా, కొంత ఎర్రగా! ఆ కాల్చినవాడెవడో గానీ, వాడి చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. బొమ్మ వంక చూశాక దణ్ణానికి లేచిన నా చేయి ముడుచుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలకి ఆఫీసు వాళ్ళని పిలిచాడు. పది పదిహేనుమంది కుర్రాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు. అందరూ ఆయన కంపెనీ మీద వీసాలున్నవాళ్ళే. అందుకని ఆయన జోకు వేస్తే పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా నవ్వేవాళ్ళు. అన్నాలయ్యాక అరలోంచి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒరిజినలేనా అన్నా?" అన్నాడొకడు.

"ఒరిజినల్ కాకపోతే లైట్ పెట్టి మరీ చూపిస్తానా? ఎవరో ఇంగ్లీష్ దొర బంగళా సామాను వేలం వేస్తే మా తాతగారు కొన్నారు. అప్పట్నుంచి ఫ్యామిలీలోనే ఉంది. కావాలంటే మా అవ్వని అడుగు. చిన్నప్పుడు మా దివాణంలో చూసింది."

అందరూ నా వైపు తిరిగారు. నా చేతుల్లో గోంగూర గిన్నె. దివాణంలో ప్రతి గదీ ఊడ్చినదాన్ని, ప్రతి గిన్నే తోమినదాన్ని. ఇలాంటిది అక్కడ లేదు. కానీ ఆ ఇంటి మగవాళ్ళు ఏదంటే దానికి ఊగడం నా తలకి చిన్నప్పటి నుంచీ వచ్చు. ఊగింది.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. గిన్నె కింద పెట్టి, దగ్గరికి పోయి, వేలు మడిచి పళ్ళెం అంచు మీద కొట్టాను. కొత్త కుండ చేతికి వస్తే కుమ్మరోళ్ళు చేసే పని అది. కాలిన మట్టి మంచిదైతే ఖంగున పలుకుతుంది. ఇది టక్కుమని చచ్చిపోయింది.

"ఇది పగిలింది సారూ. అతికించారు," అన్నాను.

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "అవ్వ టెస్టింగ్ చేసింది రా! డిఫెక్ట్ రైజ్ చేసింది!" అన్నాడొకడు. "అన్నా, అవ్వని క్యూఏ టీమ్‌లో వేసెయ్," అన్నాడు ఇంకొకడు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

చివరి కారు వీధి మలుపు తిరిగిందాకా కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. ఊపిన చేత్తోనే వెనక్కి తిరిగి కొట్టాడు. చెవి పోగు ఊడి సోఫా కిందకి దొర్లింది. నేను డైనింగ్ టేబుల్ కోడు పట్టుకుని లేవబోతుంటే మళ్ళీ కొట్టాడు, అదే చెవి మీద. ఆ చెవికి ఈరోజు దాకా సగమే వినపడుతుంది.

"నిన్ను ఎవడు అడిగాడే? చూశానని చెప్పు అన్నప్పుడు చూశాననాలి. అంతకుమించి నోరు తెరిస్తే నాలుక చీరేస్తా."

ఆయన భార్య వంటగది గుమ్మంలో ఎంగిలి ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేసేది, పెళ్ళయ్యాక మాన్పించాడు. ఆమె అరవలేదు, అడ్డం రాలేదు. ఆయన మేడ మీదకి పోయాక ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి నా చెవికి అదిమింది. ఎంత సేపు పెట్టాలో, ఎంత గట్టిగా అదమాలో ఆమె చేతికి బాగా తెలుసు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ ఇంట్లో దెబ్బలు తినేదాన్ని నేను మొదటిదాన్ని కాదని.

ఆ తర్వాతి మూడేళ్ళ దెబ్బలన్నీ రాస్తూ కూర్చోను. పప్పులో ఉప్పు తక్కువైతే గరిటె. ఆయన నిద్రలో ఉండగా మిక్సీ వేస్తే చెప్పు. ఒకసారి ఇస్త్రీ పెట్టె, వేడిది, మోచేతి మీద. నా పాస్‌పోర్టు ఆయన లాకర్‌లో ఉండేది. వీసా పొడిగించాడో లేదో నాకు చెప్పలేదు. "గడప దాటావంటే పోలీసులు గొలుసులు వేసి తీసుకుపోతారు," అనేవాడు. నమ్మాను.

కానీ ఒక్క దెబ్బ గురించి రాయాలి. అది నా మీద పడింది కాదు. ఒక రోజు పొద్దున ఆయన భార్య తన అక్కతో ఫోన్లో మాట్లాడుతూ, "పళ్ళెం అమ్మేస్తున్నాడట, ఎవరో పెద్ద కొనేవాళ్ళు దొరికారట," అంది. ఆయన వెనక నుంచి విన్నాడు. ఫోన్ లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని వంటింటి సొరుగులో పెట్టి, తుంటితో సొరుగు మూసేశాడు. ఎముక విరిగితే ఎండు కొబ్బరి చిప్ప విరిగినట్టు శబ్దం వస్తుంది. రెండు వేళ్ళు. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది, చెయ్యి ఇంకా సొరుగులోనే ఉంది. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో అట్లకాడ, పెనం మీద దోసె. దోసె మాడే వాసన వచ్చిందాకా నేను కదల్లేదు. ఆస్పత్రిలో, కారు తలుపు పడిందని ఆమే చెప్పింది.

అక్షరాల సంగతి చెప్పాలి. ఆదివారాలు ఆయన గుడి కమిటీ మీటింగుకి పోయేవాడు. కమిటీ ముందు మంచి పేరుండాలి కాబట్టి మా ఇద్దరినీ కూడా తీసుకెళ్ళేవాడు. నన్ను గుడి వంటశాలలో కూరలు తరగమని వదిలేవాడు. వంటశాల పక్క గదిలో పిల్లలకి తెలుగు క్లాసు. చెప్పేది ఒక రిటైరైన లెక్కల టీచరు. ఒకరోజు ఆమె మంచినీళ్ళకి వచ్చి, నేను తరిగిన బీరకాయ చక్రాల్ని బల్ల మీద వరసగా పెట్టి, తలుపులోంచి కనపడే క్లాసు గోడ మీది అక్షరాల్ని చూస్తూ అలాగే వంపులు తిప్పడం చూసింది.

"రండి అక్కయ్యగారూ, కూర్చోండి," అంది.

"ఈ వయసులో నాకెందుకమ్మా?"

"ఏ వయసులో కావాలంటే ఆ వయసులో మొదలెట్టండి. ఇక్కడ ఫీజు లేదు, హోమ్‌వర్క్ ఉంది."

ఆరేళ్ళ పిల్లల మధ్య, వాళ్ళ కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. పక్కనున్న పిల్ల నా పలక చూసి, "అమ్మమ్మా, నీ 'అ'కి టమ్మీ పెద్దగా ఉంది," అని పక్కపక్కకి ఊగి నవ్వింది. నిజమే. నా అక్షరాలన్నీ కుండల్లా వచ్చేవి. రెండు చలికాలాలు గడిచేసరికి దేశీ షాపులో కారప్పొడి పాకెట్టు, పచ్చడి సీసా కూడబలుక్కుని చదవగలిగాను. ఇంటాయనకి తెలియదు. ఆయన భార్యకి తెలుసు. చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె నాకు చేసిన మేలు, ఐసు ముక్కల తర్వాత, అదే.

నాలుగో ఏడు మార్చిలో, మంచు ఇంకా పూర్తిగా కరగని రోజుల్లో, డైనింగ్ టేబుల్ మీద ఒక నీలం ఫైలు కనపడింది. పళ్ళెం తాలూకు ఫైలు. కొనేవాళ్ళకి, ఇది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో మొదటి నుంచీ కాగితాల్లో చూపించాలట. ఆయన పై గదిలో ఫోన్లో ఉన్నాడు. నేను బల్ల తుడుస్తున్నాను. ఇంగ్లీషు కాగితాల మధ్య నుంచి ఒక తెలుగు కాగితం అంచు కనపడింది. లాగి చూశాను. కింద నల్లటి వేలిముద్ర. వేలి మధ్యలో అడ్డంగా ఒక తెల్ల గీత. చిన్నప్పుడు కుండ పెంకు తెగ్గోసిన గాటు అది. నా వేలు నాకు తెలియదా?

ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. పొయ్యి మీద పప్పు కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియదు. పళ్ళెం గురించి రాసిన చోటు ఇది, నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: సదరు పళ్ళెమును మా చిన్నతనమున దివాణములో పండుగ దినములందు పెద్దదొరగారికి భోజనము వడ్డించుటకు వాడుచుండగా నా కళ్ళారా చూచియున్నాను. తర్వాత చివరి వాక్యం: ఇందలి విషయములు నాకు చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసియున్నాను.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత సంగతి అర్థమైంది. వంట కోసం తీసుకొచ్చాడనుకున్నాను. పళ్ళేనికి సాక్ష్యం కావాలి, ఆ సాక్ష్యం తన కళ్ళ ముందే పడి ఉండాలి. అందుకు తెచ్చాడు.

"ఏం చేస్తున్నావే అక్కడ?" మెట్ల మీద నుంచి ఆయన గొంతు.

"బల్ల తుడుస్తున్నా సారూ. పప్పు ఒలికింది."

కాగితం ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను.

వారం తిరక్కముందే ప్రభుత్వం వాళ్ళ దగ్గర నుంచి ఫోను వచ్చింది. కొనేవాళ్ళకి పంపిన ఫైలు వాళ్ళ దాకా పోయిందట. దొంగతనంగా దేశాలు దాటే పాత వస్తువుల్ని పట్టుకునే ఆఫీసు వాళ్ళు. పళ్ళెం చూడాలి, సాక్షితో మాట్లాడాలి, గురువారం పొద్దున పది గంటలకి వస్తామన్నారు. మధ్యలో ఉన్న మూడు రోజులూ ఆయన నన్ను చిన్నపిల్లకి పద్యం నేర్పినట్టు కూర్చోబెట్టి నేర్పాడు.

"చిన్నప్పుడు చూశావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"దివాణంలో."

"దేనికి వాడేవాళ్ళు?"

నేను నోరు తెరవలేదు. చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు, భుజం కీలు టక్కుమనేదాకా. "పండక్కి తాతగారికి అన్నం పెట్టడానికి," అన్నాను.

"గుడ్. ఈ ఒక్క పని సరిగ్గా చెయ్. లాకర్‌లోంచి పాస్‌పోర్ట్ తీసి నీ చేతిలో పెడతా, టికెట్ కొంటా, నీ దారిన నువ్వు పో. తేడా వచ్చిందనుకో, దొంగ సాక్ష్యం వేసింది నువ్వు. కాగితం మీద వేలు నీది, నాది కాదు. జైల్లో చస్తావ్."

బుధవారం మధ్యాహ్నం ఆయన భార్య చిక్కుళ్ళు ఒలుస్తూ నా పక్కన కూర్చుంది. ఆ రెండు వేళ్ళూ సరిగ్గా అతుక్కోలేదు, మడతపడవు. మిగతా వేళ్ళతోనే ఒలుస్తోంది.

"పెద్దమ్మా, చెప్పెయ్. ఆయన చెప్పమన్నట్టు చెప్పేసి వెళ్ళిపో. నా గురించి ఆలోచించకు," అంది.

"నీ గురించి ఆలోచించడంలా తల్లీ. ఆ మాట నా నోటికి రావడంలా."

"మూడు ముక్కలేగా పెద్దమ్మా. ఎన్నిసార్లు తల ఊపలేదు?"

నిజమే. 

గురువారం పదింటికి ముగ్గురు వచ్చారు. ఒక తెల్ల ఆఫీసరమ్మ, ఒక నల్ల ఆఫీసరు, వాళ్ళతో ఒక తెలుగు పిల్ల. ఇక్కడే పుట్టిన పిల్ల, పాతికేళ్ళుంటాయి.

"అమ్మమ్మగారూ, నేను ఇంటర్‌ప్రెటర్. మీరు తెలుగులో చెప్తే నేను వాళ్ళకి ఇంగ్లీష్‌లో చెప్తాను. నా తెలుగు కొంచెం బ్యాడ్, నవ్వొద్దు మీరు, ఓకే?"

"నా చదువు కూడా బ్యాడే అమ్మా. సరిపోయింది."

ఆయనని బయట ఉండమన్నారు. "ఆమె ఎల్డర్లీ, కన్‌ఫ్యూజ్ అవుతుంది, నేను దగ్గర ఉంటే ధైర్యంగా ఉంటుంది," అని కుర్చీ లాక్కుని నా వెనకాలే కూర్చున్నాడు. అది ఆయన ఇల్లు. వాళ్ళు కాదనలేదు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఆఫీసరమ్మ ముందుగా ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. పాత న్యూస్‌పేపర్ మీద పదకొండు పెంకులు. పెంకుల మీద ఇంకా తడి మట్టి. ఒక పెంకు మీద కత్తి పట్టుకున్న చెయ్యి, ఇంకో పెంకు మీద ఆమె ముఖం, జుట్టు పట్టుకున్న పిడికిలి. గోడ అరలో ఉన్నదే. ఆఫీసరు దాన్ని తీసి ఫోటో పక్కన బల్ల మీద పెట్టాడు.

పిల్ల చెప్పింది: "ఇది గ్రీక్ ప్లేటే, కానీ ఇటలీలో ఒక సమాధిలో దొరికింది అంటున్నారు. దొంగలు. పొడుగు ఇనప రాడ్‌లు గ్రౌండ్‌లోకి పొడుస్తారంట. కింద ఖాళీగా తగిలితే తవ్వుతారంట. ఇది అప్పుడు బ్రేక్ కాలేదు. వాళ్ళే హ్యామర్‌తో బ్రేక్ చేశారు, సూట్‌కేస్‌లో ఫిట్ అవ్వాలని. తర్వాత గ్లూ పెట్టారు."

"సమాధిలోనా?" అన్నాను.

"అవును. చనిపోయినవాళ్ళతో పెట్టిన ప్లేట్."

నా చేతులు ఒళ్ళోకి తీసుకున్నాను. మాలో శవం చుట్టూ తిరిగి కుండ పగలగొడితే, ఆ పెంకుల వైపు వెనక్కి తిరిగి చూడం. తిరిగి చూడం, తొక్కం, ఇంటికి తేవడమైతే ఊహించుకోలేం. మూడేళ్ళు పొద్దున్నే స్నానం చేసి ఎవరో చచ్చినవాళ్ళ కుండకి దుమ్ము తుడిచాను. దాన్ని నా వేలితో ఇంటి కుండని చేశారు.

"మీరు చిన్నప్పుడు ఈ ప్లేట్ చూశారా?" అంది పిల్ల.

వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన ఊపిరి నా మెడ మీద తగులుతోంది. ఒక్క మాట చెబితే పాస్‌పోర్టు చేతిలో ఉంటుంది.

"ఆ తెలుగు కాగితం ఇవ్వండి," అన్నాను.

ఆఫీసరు ఫైలులోంచి తీసి ఇచ్చాడు. నేను అద్దాలు పెట్టుకున్నాను. వేలు కింద పెట్టి పైకి చదివాను, మొదటి అక్షరం నుంచి.  వెనకాల ఊపిరి ఆగిపోయింది. మూడో పంక్తికి ఆయన తేరుకున్నాడు.

"నీకు చదవడం... ఆపు. ఆపవే!"

ఆపలేదు. చదివి వినిపించగా విని అనే దాకా చదివి, కాగితం బల్ల మీద పెట్టాను.

"నాకు ఇది ఎవరూ చదివి వినిపించలేదు. వేలు నాదే. మాట నాది కాదు. ఇది రాసినోడికి మా సంగతి కూడా తెలియదు. మట్టి పళ్ళెంలో ఒకసారి అన్నం తింటే అది ఎంగిలైపోతుంది. వెండి అయితే కడుగుతాం, కంచైతే తోముతాం, మట్టిలోకి ఇంకింది ఎక్కడికి పోతుంది? పారేస్తాం. మాలాంటి లేనోళ్ళు మూకుళ్ళలో తిన్నారు, కాదనను. దివాణంలో పెద్దదొరకి పండగపూట మట్టిలో పెట్టి, దాన్ని కడిగి మళ్ళీ ఇంకో పండక్కి దాస్తారా? అలా చేసిన వంటమనిషిని చెట్టుకి కట్టేసి కొట్టేవాళ్ళు. ఆయన వెండి కంచంలో తిన్నాడు. ఆ కంచం తోమింది నేను. ఇంకోటి, పగిలి అతికింది మా ఇళ్ళల్లో గడప లోపల ఉంచరు. అదిగో, అంచు మీద రెండు బెజ్జాలు చూడండి. తాడు కట్టి వేలాడదీసే పళ్ళెం అది. తినే పళ్ళేనికి బెజ్జాలెందుకమ్మా?"

పిల్ల ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. "ఎంగిలి" దగ్గర ఆగి, నా వైపు చూసి, పెద్దగా చేతులు తిప్పుతూ ఏదో వివరించింది. ఆఫీసరమ్మ రాసుకుంది.

అప్పుడు నా జుట్టు వెనక్కి పోయింది. ముడి మొత్తం పిడికిట్లో పట్టాడు. మెడ కుర్చీ మీదుగా విరిగినంత పనైంది. ఇంటి పైకప్పు కనపడింది, తర్వాత ఆయన ముఖం తలకిందులుగా. ఎవరో అరిచారు. ఆయన రెండో చెయ్యి బల్ల మీద ఉన్న పళ్ళెం మీద పడింది. ఎత్తాడు, కొట్టాడు. నా ఎడమ భుజం ఎముక మీద పడింది. రెండు శబ్దాలు కలిసే వచ్చాయి. ఒకటి ఎముక. రెండోది పళ్ళెం. నేను కింద పడ్డాను. ఆయన కాలు నా పక్కటెముకల్లోకి ఒకసారి దిగింది. రెండోసారి దిగేలోపు ఆయన భార్య ముందుకి దూకింది. పొయ్యి మీద నుంచి ఇనప పెనం తెచ్చి, బాగున్న చేత్తో, ఆయన మోచేతి మీద వేసింది. అంతే గట్టిగా ఇంకోటి కూడా వేసింది. ఆ రెండోది అవసరం లేదు, ఆఫీసర్లు అప్పటికే పట్టుకున్నారు. అయినా వేసింది. నేను తప్పు పట్టను.

ఆయన్ని కార్పెట్ మీద బోర్లా పడేసి బేడీలు వేస్తుంటే నేను పక్కనే పడి ఉన్నాను. నా ముఖం ముందు పెంకులు. అతుకుల దగ్గరే విడిపోయింది, పదకొండు ముక్కలుగానే. పెంకుల అంచులు లోపల ఎర్రగా, శుభ్రంగా, నిన్న పగిలినట్టున్నాయి. వేల ఏళ్ళ కిందట పగిలి మట్టిలో ఉంటే ఆ అంచులకి చెట్ల వేళ్ళు పాకుతాయి, మురికి పడుతుంది. కుడిచేత్తో ఒక్కోటి దగ్గరికి జరిపి దాని చోట్లో పెట్టాను. అలవాటు. పిడికిలి ఉన్న ముక్క, జుట్టు ఉన్న ముక్క రెండూ నా చేతిలో విడివిడిగా ఉన్నాయి. వాటిని మాత్రం కలపలేదు. ఆఫీసరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతిలోంచి అడిగి తీసుకుంది.

లాకర్ తెరిపించారు. నా పాస్‌పోర్టు, ఆయన భార్య పాస్‌పోర్టు, రెండూ ఒకే రబ్బర్ బ్యాండ్ కింద ఉన్నాయి. పళ్ళెం ఇటలీకి తిరిగి పోయిందని తర్వాత తెలిసింది.

రెండు వారాల తర్వాత వాళ్ళ ఆఫీసుకి పిలిచారు. ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉంది. ఆయన భార్య నాతో వచ్చింది. నా వాంగ్మూలం తెలుగులో టైపు చేయించి తెచ్చారు. ఆఫీసరు పాత కాగితం మీద వేలిముద్ర చూసి ఉన్నాడు కదా, మర్యాదగా ఇంకు పెట్టె కూడా పక్కన పెట్టాడు. పిల్ల చదివి వినిపించబోయింది.

"ఉండమ్మా. నేను చదువుకుంటా."

నాలుగు పేజీలు. గంటకి పైగా పట్టింది. మధ్యలో ఆఫీసరు కాఫీ తెచ్చుకున్నాడు, పిల్ల ఫోను చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జిరాక్స్ షాపు, భోజనాలు, చెవి, ఇస్త్రీ పెట్టె, పళ్ళెం. ఒకటి లేదు.

"సొరుగు సంగతి రాయలేదు," అన్నాను.

పక్కన ఆయన భార్య తన చెయ్యి చెంగు కిందకి లాక్కుంది. ఆమె కారు తలుపనే చెప్పి ఉంది, ఆస్పత్రిలోనూ, వీళ్ళకీ.

"తల్లీ, చెప్పనా?"

చెంగు కింద నుంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత తల ఊపింది. నేను చెప్పాను. సొరుగు, తుంటి, శబ్దం. పిల్ల రాసింది.

"ఇంకో వాక్యం ఉంది. అప్పుడు నేను పొయ్యి దగ్గర అట్లకాడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను, ఏమీ చేయలేదు. అది కూడా రాయి."

"అది అవసరం లేదు కదా అమ్మమ్మగారూ? మీ గురించి బ్యాడ్‌గా అనుకుంటారు."

"జరిగిందా లేదా? రాయి."

రాసి, మళ్ళీ ప్రింటు తీసి తెచ్చింది. ఆ వాక్యం ఎక్కడుందో వెతుక్కుని చదివాను. ఉంది. ఇంకు పెట్టె ఆఫీసరు వైపు తోసి, పెన్ను అడిగాను.